నట్టింటి తెర ముందు ఇద్దరు మనుషులు

మన సభల్లో టెలివిజన్ ప్రస్తావన వచ్చినప్పుడల్లా చర్చ రెండు నిమిషాల్లో ముగిసిపోతుంది. అది పాలకవర్గాల చేతి పనిముట్టు, ప్రజలకు పట్టిస్తున్న మత్తుమందు, సరుకుల సంస్కృతికి వాహిక అని ఒకరు అంటారు. మిగిలినవాళ్లు తలలూపుతారు. తీర్మానం అయిపోతుంది. మన కథల్లోనూ ఇదే వరస. టి.వి. చూస్తూ మొగుడికి మంచినీళ్లు ఇవ్వని భార్య, క్రికెట్టు చూస్తూ పెళ్లాం జ్వరాన్ని పట్టించుకోని భర్త, తెర ముందు కూర్చుని మాటలు మరిచిపోయిన కుటుంబం - ఈ మూడు బొమ్మలనే తిప్పి తిప్పి గీశారు మన కథకులు.

ఆ తీర్మానంలో అబద్ధం లేదు. కాని అందులో ఒక మనిషి కూడా లేడు. పొద్దంతా ఒళ్లు హూనం చేసుకున్న ఒక భార్య, ఒక భర్త రాత్రి ఒక గంటసేపు పక్కపక్కన కూర్చుని తెర మీది బొమ్మలు చూసి నవ్వుకుంటున్నారంటే, ఆ ఆనందం ఎక్కడి నుంచి వచ్చింది? అంతకు ముందు వాళ్లకు లేనిదేమిటి, ఇప్పుడు దొరికినదేమిటి? దొరికినదానికి వాళ్లు చెల్లిస్తున్న ధర ఎంత? ఈ ప్రశ్నలు వేయకుండా టెలివిజన్‌ను తిట్టడం తేలిక. శ్రామికుడి శ్రమను గురించి ఇంత రాసిన అభ్యుదయ సాహిత్యం అతని విశ్రాంతిని గురించి ఇంత తక్కువ రాయడం లోపమే. అందుకే ఈ వ్యాసం.

గాలిలో మాట్లాడకుండా ఒక ఊరు ముందు పెట్టుకుందాం. రామచంద్రపురం తూర్పు డెల్టాలోని ఊరు. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట నుంచి వచ్చిన కాలువ నీటి మీద, సార్వా దాళ్వా పంటల మీద, వరి మీద, రైసు మిల్లుల మీద బతికిన ఊరు. పక్కనే ద్రాక్షారామ భీమేశ్వరాలయం. ఊళ్లో జమీందారుల కోట. రెండో ప్రపంచ యుద్ధకాలంలో కాకినాడ - కోటిపల్లి రైలుమార్గం పట్టాలు పెరికి తీసుకుపోతే మళ్లీ 2004లో గాని ఈ ఊరికి రైలు రాలేదు. అంటే రామచంద్రపురానికి రైలు తిరిగి రాకముందే టెలివిజన్ వచ్చి కూర్చుంది. దేశంలో ఏ సౌకర్యం ఎవరి అవసరాన్ని బట్టి ముందు వస్తుందో చెప్పడానికి ఈ ఒక్క సంగతి చాలు.

వినోదానికి గడప ఉండేది

టెలివిజన్ రాకముందు ఈ ప్రాంతంలో వినోదం లేకపోలేదు. శివరాత్రి తీర్థాలు, హరికథలు, బుర్రకథలు, పద్యనాటకాలు, సినిమా హాళ్లు అన్నీ ఉన్నాయి. కాని అవన్నీ ఇంటి గడప దాటితే దొరికేవి. గడప దాటే హక్కు భార్యకూ భర్తకూ సమానంగా లేదు.

మగవాడికి కాఫీ హోటలు ఉంది. పేకాట క్లబ్బు ఉంది. రెండో ఆట సినిమా ఉంది. పంచాయతీ అరుగు ఉంది. ఆడమనిషికి కాలువ రేవు, నూతి పళ్లెం, గుడి, పక్కింటి వసారా ఉన్నాయి. నాటకానికి వెళ్లినా హరికథకు వెళ్లినా ఆడవాళ్లు ఒక పక్క, మగవాళ్లు ఒక పక్క. చాలా ఊళ్ల సినిమా హాళ్లలో ఆడవాళ్ల బెంచీలకు అడ్డంగా చెక్క తడిక ఉండేది. ఇద్దరూ ఒకే సినిమాకు వెళ్లి, ఒకే పాట విని, దాన్ని విడివిడిగా అనుభవించి, తిరిగి వచ్చేటప్పుడు నాలుగడుగుల ఎడంతో నడిచి వచ్చేవారు. ఒకే వినోదాన్ని ఒకే క్షణంలో పక్కపక్కన కూర్చుని అనుభవించే చోటు పేద, మధ్యతరగతి దంపతులకు దాదాపు లేదు.

మన ఆధునిక కథ ఎక్కడ మొదలైందో గుర్తు చేసుకుందాం. 1910లో గురజాడ రాసిన 'దిద్దుబాటు' కథలో సమస్య ఏమిటి? భర్త వినోదం ఇంటి బయట ఉంది. పాట వినడానికి వెళ్లి అర్ధరాత్రి ఇంటికి వస్తాడు. చదువుకున్న భార్య ఇంట్లో ఒంటరిగా ఎదురుచూస్తుంది. గురజాడ దాన్ని నవ్వుతూ దిద్దాడు. కాని కథలో దిద్దుబాటు జరిగినంత తేలికగా సమాజంలో జరగలేదు. ఆ తర్వాత డెబ్బై ఎనభై ఏళ్ల పాటు మన కథల్లో రాత్రి ఆలస్యంగా వచ్చే భర్త, అన్నం మూత పెట్టి కూర్చున్న భార్య కనిపిస్తూనే ఉన్నారు.

ఈ గోదావరి గడ్డ మీదనే, రామచంద్రపురానికి ఎంతో దూరం లేని పొలమూరులో 1891లో పుట్టిన శ్రీపాద సుబ్రహ్మణ్య శాస్త్రి భార్యాభర్తల సంభాషణను కథకు ప్రాణం చేశారు. ఆయన కథల్లో దంపతులు మాట్లాడుకుంటారు, వాదించుకుంటారు, ఎత్తిపొడుచుకుంటారు. ఆ మాటకు ఏకాంతం కావాలి, తీరిక కావాలి. ఉమ్మడి కుటుంబంలో, చాకిరీ మధ్య, అత్తమామల ఎదుట ఆ తీరిక ఎంతమంది దంపతులకు ఉంది? మనం ఇవాళ టెలివిజన్ ముందు చూస్తున్న జంటను ఈ చరిత్రకు ఎదురుగా పెట్టి చూడాలి.

మధ్యలో రేడియో వచ్చింది. 1948 డిసెంబరులో విజయవాడ కేంద్రం ప్రారంభమైనప్పటి నుంచి కోస్తా జిల్లాల ఇళ్లలో నాటకాలు, పాటలు వినిపించాయి. కాని రేడియో ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టలేదు. ఆమె వంటింట్లో పని చేసుకుంటూ వింది. అతను వసారాలో పడక కుర్చీలో విన్నాడు.

ఊరి పెట్టె ఇంటి పెట్టె అయిన తీరు

టెలివిజన్ మన దేశంలో దంపతుల వినోదం కోసం పుట్టలేదు. 1959లో ఢిల్లీలో ప్రయోగంగా మొదలైంది. 1975 ఆగస్టు నుంచి 1976 జులై దాకా అమెరికా ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు కార్యక్రమాలు చూపించారు. ఆంధ్రప్రదేశ్ ఆ ఆరింటిలో ఒకటి. వ్యవసాయం, ఆరోగ్యం, బడిపిల్లల చదువు - ఇవి అప్పటి విషయాలు. పెట్టె ఊరి ఉమ్మడి సొత్తు; బడిలోనో పంచాయతీ ఆఫీసులోనో ఉండేది. ఊరంతా కలిసి చూసేది. అది అత్యవసర పరిస్థితి కాలమని, ప్రభుత్వ ప్రచారం కూడా ఆ పెట్టెలోంచే వచ్చిందని మరిచిపోనక్కరలేదు. అయినా టెలివిజన్ సామూహిక సాధనంగా ఉండటం సాధ్యమేనని ఆ ఏడాది రుజువు చేసింది.

1977 అక్టోబరు 23న హైదరాబాద్ కేంద్రం ప్రారంభమైంది. 1982లో ఢిల్లీ ఆసియా క్రీడలతో రంగులు వచ్చాయి. 1984లో దేశమంతటా ఆదరాబాదరాగా చిన్న చిన్న రిలే కేంద్రాలు పెట్టారు. ఎక్కువ చోట్ల అవి మొదట ప్రసారం చేసింది ఢిల్లీ కార్యక్రమాలనే. తెలుగు ఇంట్లో పెట్టె, అందులో హిందీ మాట! అదే ఏడాది మొదలైన 'హమ్ లోగ్' ధారావాహికకు మాగీ సేవియాలు అమ్మే కంపెనీ ప్రాయోజకురాలు. 1982 చివర పి.సి. జోషీ అధ్యక్షతన ప్రభుత్వమే నియమించిన సంఘం, దూరదర్శన్ ఢిల్లీ కేంద్రంగా, నగరాల మధ్యతరగతి కోసం నడుస్తున్నదని, యంత్రాల మీద పెట్టిన శ్రద్ధ కార్యక్రమాల మీద లేదని, స్త్రీల చిత్రణ అన్యాయంగా ఉందని విమర్శించింది. నివేదిక అచ్చయింది. బీరువాలోకి వెళ్లింది.

ఊరి పెట్టె ఇంటి పెట్టెగా మారడం సహజ పరిణామం కాదని ఇక్కడ గుర్తించాలి. ప్రకటనలు అమ్ముకోవాలంటే ప్రేక్షకుడు కొనుగోలుదారు కావాలి. పంచాయతీ ఆఫీసులో నేల మీద కూర్చున్న వందమంది కూలీలకు సబ్బులు, సేవియాలు అమ్మడం కష్టం. సొంత పెట్టె కొనుక్కోగలిగిన కుటుంబానికి అమ్మడం తేలిక. బ్రిటిష్ మార్క్సిస్టు విమర్శకుడు రేమండ్ విలియమ్స్ 1974లో టెలివిజన్ మీద రాసిన పుస్తకంలో, ఆధునిక పరిశ్రమ మనిషిని ఒకవైపు ఊరు వదిలి తిరిగేలా చేస్తూ, మరోవైపు తన ఇంటి నాలుగు గోడల మధ్యకు కుదించుతున్నదని, ప్రసార సాధనాలు ఆ జీవితానికి సరిపోయే రూపంలో ఎదిగాయని వివరించాడు. ఆ మాట మన డెల్టాకు ఎంతవరకు వర్తిస్తుందో చూద్దాం.

కిటికీ దగ్గర నిలబడినవాళ్లు

1980లలో రామచంద్రపురం వంటి ఊళ్లలో పెట్టె ఎవరి ఇంట్లో ఉంది? మిల్లు యజమాని, పెద్దరైతు, డాక్టరు, ప్లీడరు. ఆ తర్వాత గల్ఫుకు వెళ్లినవాళ్ల కుటుంబాలు. గోదావరి జిల్లాల నుంచి వేలాది మంది, అందులో ఎందరో ఆడవాళ్లు, కువైట్‌కూ మస్కట్‌కూ ఇంటిపనికి వెళ్లారు. భార్య అక్కడ పరాయి ఇంట అంట్లు తోమి పంపిన డబ్బుతో ఇక్కడ భర్త, పిల్లలు టి.వి. చూసిన ఇళ్లున్నాయి. దంపతుల వినోదాన్ని గురించి రాసేవాళ్లు ఈ ఇళ్లను మరిచిపోకూడదు. అక్కడ పెట్టె ముందు రెండు కుర్చీలు ఉంటే ఒకటి ఖాళీ.

1987 జనవరి 25 నుంచి 1988 జులై దాకా ఆదివారం ఉదయం 'రామాయణ్' వచ్చింది. అది హిందీలో ఉన్నా తెలుగు ప్రేక్షకుడికి అర్థం కాకపోవడమేమీ లేదు. హరికథలో విన్న కథ, 1963 నాటి 'లవకుశ'లో చూసిన కథ. ఆ రోజుల్లో పెట్టె ఉన్న ఇంటి సావిడి నిండిపోయేది. చుట్టాలకూ తోటి కులస్థులకూ సావిట్లో చాపలు. ఇతరులకు వసారా. దళితవాడ నుంచి వచ్చిన పిల్లలకు కిటికీ ఊచలు. మన పల్లెల్లో ఆ చూపుకు కూడా కులం వరస కట్టింది. అప్పుడు ఆ ఇంటి దంపతులు కూడా కలిసి కూర్చుని చూశారనుకోవడం పొరపాటు. ఆయన పడక కుర్చీలో కూర్చుని దర్బారు తీర్చాడు. ఆవిడ వచ్చినవాళ్లకు మంచినీళ్లు అందించింది.

కనుక మనం మాట్లాడుకుంటున్న ఆనందం, ఇద్దరూ సొంత ఇంట్లో సొంత పెట్టె ముందు కూర్చునే ఆనందం, పేద, దిగువ మధ్యతరగతి ఇళ్లకు వచ్చింది 1990లలోనే. చిన్న బ్లాక్ అండ్ వైట్ సెట్లు వాయిదాల మీద దొరికాయి. 1991 తర్వాత డిష్ యాంటెనాలు లేచాయి. కేబుల్ తీగలు కొబ్బరిచెట్ల మీదుగా, కరెంటు స్తంభాల మీదుగా పేటపేటకూ పాకాయి. 1995లో ఈటీవీ, జెమినీ తెలుగులో మొదలయ్యాయి.

ఇదే సరళీకరణ విధానాల కాలం కూడా. ఆ విధానాలను మనం ఎదిరించాం, ఎదిరించడం సరైనదే. కాని దళితవాడలో ఒక కుటుంబం సొంత పెట్టె కొనుక్కున్న రోజున వాళ్ల పిల్లలు దొరగారి కిటికీ ఊచలు వదిలేశారు. ఇది చిన్న మార్పు కాదు. ఒకరి దయ మీద నిలబడి చూసిన బొమ్మకూ, సొంత చాప మీద కాళ్లు చాపుకుని చూసిన బొమ్మకూ తేడా ఉంది. ఆ తేడా తెలిసినవాడు ఆ పెట్టెను 'విలాస వస్తువు' అని ఈసడించలేడు. విలియమ్స్ చెప్పిన 'నాలుగు గోడల మధ్యకు కుదించుకుపోవడం' మన దగ్గర కొందరికి కుదింపు. అసలు నాలుగు గోడలే లేనివాళ్లకు, ఊరి వీధిలో నిలబడే హక్కు కూడా లేనివాళ్లకు, అది కొంతమేరకు విడుదల. విదేశీ సిద్ధాంతాన్ని మన నేల మీద పెట్టినప్పుడు కులం అనే కొలత జోడించకపోతే లెక్క తప్పుతుంది.

ఆ గంటలో ఏం జరుగుతుంది?

ఒక రైసు మిల్లు గుమాస్తా, అతని భార్య ఉన్నారనుకుందాం. రెండు గదుల పెంకుటిల్లు. రాత్రి ఎనిమిది గంటలకు సీరియల్ మొదలవుతుంది. అతను చొక్కా విప్పి మంచం మీద కూర్చుంటాడు. ఆమె బెండకాయలు, కత్తిపీట తెచ్చుకుని కింద కూర్చుంటుంది. తెర మీద ఒక అత్తగారు కోడలిని ఏదో అంటుంది. “చూశారాండీ, ఎంత మాటందో!” అంటుంది ఈమె. “ఆవిడలాంటివాళ్లు మన ఇళ్లలో లేరేంటి?” అంటాడు అతను. ఆమె ఒక క్షణం ఊరుకుని, “నేనన్లేదు, మీరే అన్నారు” అంటుంది. ఇద్దరూ నవ్వుకుంటారు.

ఈ నాలుగు మాటల్లో పెద్ద వ్యవహారమే జరిగింది. తన అత్తగారిని గురించి భర్తతో నేరుగా అనలేని మాటను ఆమె తెర మీది అత్తగారిని అడ్డం పెట్టుకుని అంది. తన తల్లిని గురించి భార్య ముందు ఒప్పుకోలేని సంగతిని అతను ఒప్పుకున్నాడు. శ్రీపాద కథల్లోని దంపతుల మాటకు ఏకాంతం అవసరమైంది. వీళ్ల మాటకు ఒక సాకు దొరికింది. తెర ముందు కూర్చున్నవాళ్లు మాటలు మరిచిపోతారన్నది అర్ధసత్యం. చాలామంది దంపతులకు తెర లేకపోతే మాట్లాడుకోవడానికి అప్పులు, పిల్లల ఫీజులు, బియ్యం ధర తప్ప ఇంకేమీ మిగలదు.

అయితే ఆమె కూర్చున్న చోటు చూడండి. అతను మంచం మీద, ఆమె కింద. అతని చేతులు ఖాళీ, ఆమె చేతుల్లో కత్తిపీట. అతనిది విశ్రాంతి. ఆమెది పనిలో కలిసిపోయిన విశ్రాంతి. ప్రకటనలు వచ్చినప్పుడు అతను ఆవులిస్తాడు. ఆమె లేచి వెళ్లి పొయ్యి మీది పులుసు చూసి వస్తుంది. తెలుగు సీరియళ్లలో ఒకే సంగతిని మూడుసార్లు చెప్పడాన్ని, ఒకే మొహాన్ని అరనిమిషం చూపించడాన్ని మనం కళాలోపంగా వెక్కిరిస్తాం. నిజానికి ఆ రూపం మధ్యమధ్యలో లేచి వెళ్లే ప్రేక్షకురాలి కోసం తయారైంది. రెండు నిమిషాలు వంటింట్లోకి వెళ్లి వచ్చినా ఆమెకు కథ తప్పిపోకూడదు. అంటే ఆమె చాకిరీ మధ్యలో తెగకుండా ఉండటం సీరియల్ నిర్మాణంలోనే భాగమైపోయింది. సీరియల్ ఎందుకు సాగదీస్తారని అడిగే విమర్శకుడు ఆమె వంటపని ఎందుకు సాగుతున్నదని కూడా అడగాలి.

రిమోట్ ఎవరి చేతిలో ఉందన్నది రెండో సంగతి. క్రికెట్టు ఉన్న రోజు, ఎన్నికల ఫలితాల రోజు సీరియల్ ఉండదు. ఆ రోజున ఆమె, “పోనీలెండి, రేపు మధ్యాహ్నం మళ్లీ వేస్తారు” అంటుంది. ఇంట్లో ఎవరి ఇష్టం వాయిదా పడుతుందో ఆ పోనీలెండిలో ఉంది.

మూడోది, ఆ గంటకు ధర. 1977లో కెనడా ఆర్థికవేత్త డల్లాస్ స్మైథ్ ఒక మంచి ప్రశ్న వేశాడు: ప్రసార సంస్థ అమ్మే సరుకు ఏమిటి? కార్యక్రమమా? కాదు, ప్రేక్షకుడే. ప్రేక్షకుడి చూపును పోగుచేసి ప్రకటనదారుకు అమ్ముతారు. ఈ లెక్కన మన గుమాస్తా రాత్రి ఎనిమిది గంటలకు విశ్రమిస్తున్నానని అనుకుంటున్నా, పెట్టుబడి అతని చేత ఇంకో గంట పని చేయించుకుంటున్నది. ఆమె చేత ఒకే గంటలో రెండు పనులు చేయించుకుంటున్నది: ఒకటి ఇంటివాళ్ల కోసం, ఇంకొకటి సబ్బుల కంపెనీ కోసం. రెండింటికీ కూలి లేదు. దూరదర్శన్‌లో వాణిజ్య ప్రకటనలు మొదలైన 1976 నుంచి ఇప్పటి రేటింగుల వ్యాపారం దాకా సాగిన ప్రయాణం ఇదే.

ఆనందం నిజమైనది, దోపిడీ కూడా నిజమైనదే. మన విమర్శ రెండోదాన్ని చెప్పడానికి మొదటిదాన్ని కాదంటున్నది. అలా కాదంటే ఆ దంపతులు మన మాట వినరు. వినకపోవడంలో వాళ్ల తప్పేమీ లేదు. తమ జీవితంలో ఒక మంచి గంటను ఎగతాళి చేసేవాణ్ణి ఎవరు నమ్ముతారు?

వంటలక్కను ఎవరు విమర్శించారు?

ఇక తెర మీద చూపేదాని సంగతి. 2017 నుంచి 2023 దాకా స్టార్ మాలో నడిచిన 'కార్తీకదీపం' సీరియల్‌ను తీసుకుందాం. ఆ ఐదేళ్లలో తెలుగులో వచ్చిన ఏ నవల పాత్రా 'వంటలక్క' అంతగా జనం నోళ్లలో నానలేదు. మూలం మలయాళ సీరియల్ 'కరుతముత్తు'. నాయిక దీప నల్లగా ఉంటుంది. ఆమె రంగును చూసి అసహ్యించుకునే సంపన్న అత్త, ఆమెను ప్రేమించి పెళ్లాడిన డాక్టరు కార్తీక్. తనకు పిల్లలు పుట్టరని ఇంకో డాక్టరు మోనిత కల్పించిన అబద్ధాన్ని నమ్మి, గర్భవతి అయిన భార్య శీలాన్ని అతను అనుమానిస్తాడు. దీప ఇల్లు వదిలి, వంటపనితో బతుకుతూ బిడ్డను పెంచుకుంటుంది.

ఇందులో మనకు పనికివచ్చే వస్తువు ఎంత ఉందో చూడండి. రంగు వివక్ష తెలుగు ఇళ్లలో రోజూ జరిగేది. సంబంధం చూడటానికి వచ్చినవాళ్లు మొదట అడిగేది పిల్ల రంగు. ఆ విషయాన్ని ప్రతి రాత్రీ లక్షల ఇళ్లలో చర్చకు పెట్టారు. ఒంటరి స్త్రీ వంట చేసి సొంత కాళ్ల మీద నిలబడింది. ఆమె వృత్తి పేరే ఆమె గౌరవనామం అయింది. ఇది మెచ్చుకోవలసిన సంగతి.

కాని అదే కథ ఏం చేసింది? నల్లని నాయిక పాత్రకు నల్లని నటిని తీసుకోకుండా రంగు పూసి నిలబెట్టారు. భర్త అనుమానం తప్పని ప్రేక్షకులకు మొదటే తెలుసు; అతనికి తెలియడానికి ఏళ్లు పట్టింది. ఆ ఏళ్లంతా ఆమె నిర్దోషిత్వం రుజువు కావలసిన సంగతిగానే ఉండిపోయింది. భర్తకు అనుమానించే హక్కు ఉందా అన్న ప్రశ్నను కథ గట్టిగా వేయలేదు. అనుమానానికి ఆధారం ఉందా అన్న ప్రశ్న దగ్గరే తిరిగింది. పాపమంతా మోనిత అనే ఆడదాని నెత్తిన వేసి భర్తను మోసపోయిన అమాయకుణ్ణి చేశారు. వెనకటికి అగ్నిప్రవేశం ఒక రోజులో అయిపోయింది. ఇక్కడ అది ఏళ్ల తరబడి, ప్రకటనల విరామాలతో సాగింది.

ఈ రెండు వైపులనూ చూపి, ఆ మంచం మీద కూర్చున్న గుమాస్తాను, “ఆ కార్తీక్ చేసింది తప్పే అంటున్నావు గదా, నువ్వు నీ భార్య ఫోను ఎందుకు తీసి చూస్తున్నావు?” అని అడగవలసిన బాధ్యత ఎవరిది? విమర్శకుడిది. మన పత్రికల్లో వందమంది కూడా చదవని కవితా సంకలనానికి నాలుగు పేజీల సమీక్ష ఉంటుంది. లక్షల మంది ఐదేళ్లు చూసిన కథకు నాలుగు వాక్యాలు కనిపించడం అరుదు. సినిమా పుట్టిన తొలినాళ్లలో పండితులు దాన్ని ఇలాగే అంటరానిదిగా చూశారు. కొడవటిగంటి కుటుంబరావు మాత్రం సినిమాను విమర్శకు అర్హమైన విషయంగా తీసుకుని, ప్రేక్షకుడి అభిరుచి ఎలా తయారవుతుందో, పరిశ్రమ దాన్ని ఎలా వాడుకుంటుందో విడమరిచి రాశారు. టెలివిజన్‌కు ఇంకా అటువంటి విమర్శకుడు దొరకలేదు.

1943లో తెనాలిలో ఆంధ్ర అభ్యుదయ రచయితల సంఘం ఏర్పడిన కాలంలోనే ప్రజానాట్యమండలి బుర్రకథను చేతిలోకి తీసుకుంది. బుర్రకథ అప్పటికి విప్లవ కళారూపమేమీ కాదు. వీరగాథలు, దేవుళ్ల కథలు చెప్పుకునే పాత రూపం. జనం దాన్ని ఇష్టపడుతున్నారు గనుక నాజర్ వంటి కళాకారులు దాన్ని గౌరవించి, నేర్చుకుని, అందులో కొత్త వస్తువు నింపారు. రాజమండ్రికి చెందిన డాక్టర్ గరికపాటి రాజారావు నాటకంతో ఆగకుండా 1953లో 'పుట్టిల్లు' తీసి సినిమాలోకి కూడా అడుగుపెట్టారు. జనం ఆనందిస్తున్న చోటికి వెళ్లడం మన సంప్రదాయమే. అక్కడి నుంచి ముఖం తిప్పుకోవడం తర్వాత అలవాటు చేసుకున్నది.

ఇప్పుడు ఆ జంట ఎక్కడ?

ఇంతలో కాలం ఇంకో మలుపు తిరిగింది. 2020 మార్చిలో కరోనా లాక్‌డౌన్ వచ్చినప్పుడు దూరదర్శన్ 'రామాయణ్'ను మళ్లీ ప్రసారం చేసింది. ముప్పై మూడేళ్ల కింద కిటికీ దగ్గర నిలబడినవాళ్లు ఈసారి తమ ఇళ్లలో తలుపులు వేసుకుని చూశారు. పనులు పోయిన దంపతులు, మిల్లులు మూతపడ్డ దంపతులు రోజంతా ఒకే గదిలో గడిపారు. అదే కాలంలో చవక డేటాతో ఫోన్లు ఇంటింటా ఇద్దరి చేతుల్లోకీ వచ్చాయి.

ఇవాళ అదే పెంకుటింట్లో, లేదా దాని స్థానంలో లేచిన డాబాలో, పెట్టె గోడకు వేలాడే పలుచని తెర అయింది. దాని ముందు ఇద్దరూ ఉన్నారు. కాని అతని చెవుల్లో ఇయర్‌ఫోన్లు, చేతిలో క్రికెట్టు. ఆమె చేతిలో సీరియల్ ముక్కలు, వంటల వీడియోలు. గోడ మీది తెర ఎవరూ చూడకుండా మోగుతూ ఉంటుంది. 'దిద్దుబాటు' నాటి భర్త ఇంటికి రాలేదు. ఇప్పటి భర్త ఇంట్లోనే ఉండి రాలేదు. “చూశారాండీ” అని ఆమె అంటే వినేవాడు లేడు. ఆమె కూడా అనడం మానేసింది. పెట్టుబడికి ఇది ఇంకా లాభం: ఒక గంటను ఇద్దరికి కలిపి అమ్మే బదులు ఇద్దరి గంటలను విడివిడిగా అమ్ముకుంటున్నది.

దీన్ని బట్టి పేద, మధ్యతరగతి దంపతులు కలిసి ఒకే తెర చూసిన కాలం మన డెల్టాలో సుమారు పాతికేళ్లు. ఆ పాతికేళ్ల జీవితం మన సాహిత్యంలో ఎక్కడుంది? కత్తిపీట ముందు కూర్చుని నవ్విన ఆమె ఎక్కడుంది? ఖాళీ కుర్చీ పక్కన కూర్చుని కువైట్ నుంచి వచ్చిన డబ్బుతో కొన్న పెట్టెను చూసిన అతను ఎక్కడున్నాడు? కిటికీ ఊచలు వదిలి సొంత చాప మీద కూర్చున్న పిల్లవాడు ఎక్కడున్నాడు? మత్తుమందు అనే ఒక్క మాటతో ఇంతమందిని కొట్టివేశాం.

చేయవలసిన పనులు కష్టమైనవేమీ కావు. జనం చూస్తున్న కథలను పత్రికల్లో సమీక్షించాలి. తిట్టడానికి గాని పొగడటానికి గాని తొందరపడకుండా, పాత్ర పాత్రకూ లెక్క తీయాలి. ఆకాశ తరంగాలు ప్రజల ఆస్తి అని 1995 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పిన మాటను పట్టుకుని, ఆ ఆస్తిలో రైసు మిల్లు కూలీకీ కౌలు రైతుకూ వాటా ఏదని అడగాలి. 1990లో చట్టమై 1997లో గాని అమలుకు రాని ప్రసారభారతి ఎవరికి జవాబుదారీగా ఉందో నిలదీయాలి. విశ్రాంతి కార్మికుడి హక్కు అని నినదించే ఉద్యమాలు, ఇంట్లో ఆడమనిషి చేతుల నుంచి ఆ గంటసేపైనా కత్తిపీట తీసి పక్కన పెట్టడాన్ని కూడా తమ కోర్కెల్లో చేర్చుకోవాలి. ఆ పని ప్రభుత్వం చేయనక్కరలేదు. మంచం మీద కూర్చున్నవాడు కిందికి దిగి సగం బెండకాయలు తను తరిగితే సరిపోతుంది.